నలభై ఒకటో గొర్రె

తెల్లారగానే దొడ్డి గుంజకున్న పెట్టె పలికింది. "పారుడు రోగం సోకే అవకాశం నూటికి డెబ్బై. నలభై ఒకటో గొర్రె నిన్న మూడు మందల్లో తిరిగింది."

బీరవ్వ దొడ్లోకి పరుగెత్తింది. నిన్న నూటికి ఆరే. యాభై దాటితే అడవి గేటు తెరుచుకోదు, మేత ఉండదు. గొర్రెల చెవిపోగులు ఎక్కడెక్కడ తిరిగాయో చూసి పెట్టె లెక్క కడుతుంది. కానీ నలభై ఒకటి కాలు కుంటుతూ దొడ్లోనే ఉంది. చెవి చూస్తే పోగు లేదు.

"ఊడిందని నా గొంగడికి ముడేసిన," అంటూ మొగుడు కొమ్మయ్య దొడ్డి తడిక తీయబోయాడు.

"నిన్న యాడికి పోయినవ్?"

"మీ అన్న మందకాడికి, ఆ పక్క రెండు మందలకాడికి. ఆళ్ల గొర్లు పారుతున్నయంటే పట్టి చూసిన. వచ్చి గుడిసెల పన్న."

"లోపల కాలు పెట్టకు, రోగం నీ చేతులకే అంటి ఉంటది. ఆ గొంగడి పట్టుకొని వాగు దిక్కు నడువు."

"నేను గొర్రెనా? పెట్టె తప్పు చెప్తుంది."

"నడువు."

పోగుతో అతను దొడ్డికి దూరమవుతుంటే పెట్టె లెక్క దిగసాగింది. యాభై రెండు. ముప్పై. తొమ్మిది. అడవి గేటు కిర్రుమని తెరుచుకుంది. బీరవ్వ తడిక తీసి మందను గేటు దిక్కు తోలింది.

"పోగు తెచ్చి గొర్రెకు పెట్టాల్నా?" అని దూరం నుంచి కేకేశాడు కొమ్మయ్య.

"దానికి కొత్తది పెడతం. అది నీ గొంగడికే ఉండనీ. మందల అందరికంటె ఎక్కువ తిరిగేది నువ్వే."