కుజ్మా పేరున మూడు చుట్లు

"మోకాలు లేచింది. మళ్లీ మొదట్నించి."

షిమున్ పళ్లు కొరికాడు. లొరేతో ఊళ్లో, దేవదూతలు గాల్లో మోసుకొచ్చి దించారని చెప్పుకునే మరియమ్మ తల్లి ఇంటి చుట్టూ పరిచిన పాలరాయి ఎందరి మోకాళ్లకో అరిగి గాడి పడింది. ఆ గాడిలో అతను రెండు చుట్లు పూర్తి చేశాడు. మూడోది సగంలో ఉండగా సాక్షి ఆపాడు.

"లేవలేదు పెద్దాయనా, జారింది."

"నా కళ్లు బానే ఉన్నాయి."

సాక్షి, సముద్రం అవతల నుంచి వచ్చి అక్కడ స్థిరపడ్డ స్లావుల సంఘం మనిషి. చనిపోయినవాళ్ల తరఫున మొక్కు తీర్చడానికి సముద్రం దాటి వచ్చేవాళ్ల పక్కన నడవడం, మొక్కు సక్రమంగా తీరితే కాగితం మీద సంఘం ముద్ర వేయడం అతని పని. గడ్డం వయసుకు మించి నెరిసింది. ముంజేతుల మీద తురకల ఓడలో బందీగా తెడ్డు వేసిన నాటి గొలుసు మచ్చలు. సంఘంలో సగంమందికి అలాంటివి ఉన్నాయి.

షిమున్ ఆ ఇంటిమీద కట్టిన గుడి ద్వారం వైపు చూశాడు. సాయంత్రం రెండోసారి గంట కొడితే తలుపులు మూసేస్తారు. తెల్లారేసరికి అంకోనా రేవు చేరకపోతే తన దీవి హ్వార్‌కు వెళ్లే పడవ వెళ్లిపోతుంది. మళ్లీ వసంతం దాకా ఇంకోటి లేదు.

మొదట్నించి మొదలుపెట్టాడు. మూల వచ్చినప్పుడల్లా చనిపోయినవాడి పేరు పైకి చెప్పాలి.

"కుజ్మా ఆత్మకు."

"గట్టిగా."

"కుజ్మా ఆత్మకు!"

"చచ్చాడని ఎవరు చెప్పారు?" పక్కన నడుస్తూ అడిగాడు సాక్షి.

"పడవ మునిగింది. పన్నెండేళ్లయింది."

"శవం చూశావా?"

"ఎవరూ చూళ్లేదు. నేనప్పుడు ఆ దీవిలోనే లేను. ఆయన మొహం కూడా ఎరగను."

"మొహం ఎరగనివాడి కోసం మోకాళ్లు చీరుకుంటున్నావా? బలే పుణ్యాత్ముడివే!"

"ఆయన పెళ్లాం ఓర్సా కోసం. ముద్ర పడ్డ కాగితం చేతిలో పెడితేగానీ నన్ను చేసుకోనంది."

"అదీ సంగతి. తోట కూడా కలిసొస్తుందేం?"

"ఏం తోట? రాళ్లు. నువ్వు చూడలేదుగానీ."

రెండో చుట్టులో షిమున్ మోకాళ్ల గుడ్డ తడిసి ఎర్రబడింది.

"బతికున్నవాడి పేరున ఈ చుట్లు తిరిగితే ఆ పాపం ఎవడిదో తెలుసా?"

"తెలుసు. అందుకేగా ఆవిడ ఇన్నేళ్లు ఆగింది!"

మొదటి గంట మోగింది. ఇంకా ఒక చుట్టు ఉంది. షిమున్ ఆగి తలెత్తాడు.

"నా మీద నీకేం పగ పెద్దాయనా? ఓర్సాకి పిల్ల కడుపులో ఉండగానే దాని తండ్రి పోయాడు. జ్వరమొస్తే నా భుజం మీదే పడుకుంటుంది. ఈమధ్య నాన్నా అంటోంది. అన్నప్పుడల్లా వాళ్లమ్మ చెయ్యి చేసుకుంటుంది, కాగితం వచ్చేదాకా అనకూడదని."

సాక్షి నడక ఆగింది. బలిపీఠం దగ్గర సముద్రం అవతలి నుంచి వచ్చిన ఆడమనిషెవరో నేలకు తల ఆనించి ఏడుస్తోంది. "తల్లీ, నీ ఇల్లు ముందు మా గడ్డ మీదే దిగింది. తిరిగి రా తల్లీ!"

"రోజూ ఇదే ఏడుపా ఇక్కడ?" అన్నాడు షిమున్, ఊపిరి తీసుకుంటూ.

"రోజూ."

"వస్తుందంటావా?"

"ఇన్నేళ్లయ్యాక వచ్చి ఎక్కడ దిగుతుంది?" అన్నాడు సాక్షి. "ఊఁ, కానియ్."

ఆఖరి మూల తిరుగుతుండగా షిమున్ మోకాలు జారింది. ఈసారి నిజంగానే లేచింది. అతను కళ్లు మూసుకుని ఆగిపోయాడు.

"పద," అన్నాడు సాక్షి.

"లేచింది..."

"నేను చూళ్లేదు."

"కుజ్మా ఆత్మకు," అన్నాడు షిమున్. ఆడమనిషి ఏడుపులో పేరు సగమే వినిపించింది. ఈసారి గట్టిగా చెప్పమని సాక్షి అడగలేదు.

కాగితం మీద ముద్ర వంకరగా పడింది. షిమున్ దాన్ని చొక్కాలో దాచుకుని అతని చెయ్యి ముద్దు పెట్టుకున్నాడు.

"నీ పేరు చెప్పు పెద్దాయనా. పిల్ల చేత రోజూ నీకోసం ప్రార్థన చేయిస్తాను."

"నడు. పడవ తప్పిపోతుంది."

షిమున్ కుంటుకుంటూ కొండ దిగిపోయాడు. చీకట్లో అతని తల కనిపించకుండా పోయేదాకా సాక్షి గడపలో నిలబడ్డాడు. రెండో గంట మోగింది.

కుజ్మా తలుపులు మూశాడు.