కోడి వదిలేసిన మూల

ఒక పెరట్లో గుమ్మడిపాదు ఉండేది. రోజూ పొద్దున్నే పూసేది. పుప్పొడి మోసుకెళ్లే తేనెటీగలు రాక, పిందెలన్నీ పసుపుబారి రాలిపోయేవి. పాదుకి బెంగ పట్టుకుంది.

ఒకనాడు ఒంటరి తేనెటీగ ఒకటి అలసిపోయి దాని ఆకు మీద వాలింది.

"మీవాళ్లంతా ఏరమ్మా?" అని పాదు అడిగింది.

"చాలామంది పోయారక్కా. మిగిలినవాళ్లం ఇంత దూరం ఎగరలేకపోతున్నాం. నీ పువ్వు ఎండెక్కేసరికి ముడుచుకుంటుంది. ఆ తర్వాత మాకు ఇక్కడ తిండేది? ఇదివరకు గోడ మూల తుమ్మిపూలు ఉండేవి."

ఆ మూలే ఎర్రకోడి పురుగుల కోసం మట్టి గీరుతోంది. తుమ్మి మొలక తలెత్తితే చాలు, దాని గోళ్లకి ఊడిపోయేది.

"ఇక్కడ దొరికినన్ని పురుగులు ఇంకెక్కడా దొరకవు. ఈ చోటు వదిలేస్తే నా పిల్లలకేం పెట్టను?" అంది వాళ్ల మాటలు విన్న కోడి.

ఆ పూటే ఇంకో పిందె కోడి ముందు రాలిపడింది. కోడి దాన్ని ముక్కుతో మెల్లగా దొర్లించి చూసింది. మొన్ననే దాని పిల్లనొకదాన్ని గద్ద తన్నుకుపోయింది. మర్నాటి నుంచి కోడి తన పిల్లల్ని పేడకుప్ప దగ్గరికి తీసుకెళ్లింది. అక్కడ పురుగులు తక్కువే, అయినా సర్దుకుంది.

వానలు పడ్డాయి. మూలంతా తుమ్మి తెల్లగా పూసింది. తేనెటీగ తనవాళ్లని వెంటబెట్టుకొచ్చింది. ఈసారి పిందెలు నిలిచి, కాయలై పెరిగాయి.

ఒక కోడిపిల్ల తుమ్మి మొక్కల్లోకి దూరబోతే తల్లి రెక్క అడ్డం పెట్టింది.

"అటు పోకు నాన్నా. వాళ్లు అన్నం తింటున్నారు."