తుమ్మతోపులో పొట్టి అరుపు

తుమ్మతోపులో పాము కనిపిస్తే పక్షులు "కిర్ర్!" అనేవి. ఆ ఒక్క ముక్కకే తోపంతా గాల్లోకి లేచేది.

మొన్న ఏటి అవతలి నుంచి కొత్తగా వచ్చిన గోరింకకు ఆ అరుపు అర్థం కాలేదు. ఎవరో గొంతు సవరించుకుంటున్నారనుకుంది. జెర్రిపోతు దాని రెండు గుడ్లూ మింగేసింది.

దాంతో తోపు పెద్ద జెముడుకాకి సభ పెట్టింది. "ఈ పొట్టి అరుపు సోమరుల అలవాటు. ఇకపై అందరూ 'తోటి పక్షులారా, పాము వచ్చుచున్నది, దయచేసి ఎగిరిపోవలెను' అని పూర్తిగా అనాలి."

"అంతా చెప్పేలోగా మింగేస్తుంది కదండీ!" అంది సభ లెక్కలు రాసే పిచ్చుక.

"కొత్తవాళ్లకు అరుపు నేర్పితే సరిపోదా?" అంది గోరింక. "నాకు ఒక్కరు చెప్పి ఉంటే నా గుడ్లు దక్కేవి."

"నేర్పడానికి తీరికెక్కడిదమ్మా? సభలకే పొద్దు చాలడం లేదు," అని జెముడుకాకి విసుక్కుంది. "ఊఁ, ఒప్పుకునేవాళ్లు రెక్కలెత్తండి."

దాని నోటికి జడిసి అందరూ ఎత్తారు. అప్పుడే జెముడుకాకి తోక వెనక కొమ్మ కదిలింది. తిరిగి చూస్తే జెర్రిపోతు.

"కిర్ర్!" అని అరిచింది జెముడుకాకి. తోపంతా ఒక్కసారిగా ఎగిరింది, గోరింకతో సహా.

పాము దిగిపోయాక సభ మళ్లీ కూడింది. జెముడుకాకి ఈకలు సర్దుకుని, "తీర్మానం నెగ్గింది. ఇందాక ఒకరు దాన్ని మీరారని కూడా రాసుకో," అంది.

"ఎవరని రాయమంటారండీ?" అంది పిచ్చుక.

"ఎవరో సోమరి పక్షి అని రాయి."