నల్లబట్టల ఆంటీ, నాలుగు గ్లాసుల నీళ్లు

ఇదిగో, నిన్నే. అలా గోడవైపు జరిగితే కనబడవనుకున్నావా?

చందా పుస్తకంతో ఎవరొచ్చినా పెరటి గుమ్మంలోంచి జారుకునే మొహం నీది. నాకు తెలుసులే.

ఆ విద్యలో నిన్ను తలదన్నినవాడు ఒకడున్నాడు. కూర్చుని విను.

పేరు డాక్టర్ బ్రెంపాంగ్. కుమాసీ పట్నానికి గంట దూరంలో ఒక వ్యవసాయ కాలేజీలో మేష్టారు. పెండలం దుంపలు ఎందుకు కుళ్లిపోతాయో పన్నెండేళ్లుగా పరిశోధిస్తున్నాడు.

పన్నెండేళ్లలో బోలెడు దుంపలు కుళ్లాయి గానీ, గ్రాంటు మాత్రం రాలేదు.

ఈసారి వచ్చినట్టే. ఒకటే షరతు. విదేశీ భాగస్వామి స్వయంగా వచ్చి దుంపల కొట్టం చూడాలి. ఒకే కాగితం మీద ఇద్దరూ సంతకం పెట్టాలి. శుక్రవారం సాయంత్రం ఐదులోపు ఆ కాగితం ఆన్‌లైన్‌లో ఎక్కించాలి.

లేకపోతే సోమవారం నుంచి ఆ కొట్టం ప్రిన్సిపాల్ గారి కారు షెడ్డు.

భాగస్వామి స్వీడన్ ప్రొఫెసర్. ఆరు నెలలుగా ఈమెయిళ్లే తప్ప మొహాలు చూసుకున్నది లేదు. ఆఖరి ఈమెయిల్లో ఒక్కటే ముక్క: 'శుక్రవారం వస్తాను. లిండ్‌క్విస్ట్.'

బ్రెంపాంగ్ తన ల్యాబు అసిస్టెంటు ఇసాకూ చేతికి పేరు రాసిన అట్ట ఇచ్చి కుమాసీ విమానాశ్రయానికి తరిమాడు. భార్య సెర్వా చేత కారం లేని కోడికూర చేయించాడు.

"ఇది తింటే మనింట్లో ఎవరికో జ్వరమనుకుంటాడు, అఫ్రియే నాన్నా," అంది సెర్వా.

"తెల్లాయన నాలుక నీ మిరపకాయలకి తట్టుకుంటుందా? ఉడకబెట్టు, చాలు."

ఒంటిగంటకి గేటు చప్పుడైంది. బ్రెంపాంగ్ టై సర్దుకుంటూ పరిగెత్తాడు.

ట్రోట్రో వ్యాను దిగి, నలుపూ ఎరుపూ బట్ట చుట్టుకుని, చేతిసంచీతో ఒక పెద్దావిడ నిలబడి ఉంది.

ఆయన గేటు దగ్గరే ఆగిపోయాడు. అవి అక్కడ చావుకి కట్టే బట్టలు. శుక్రవారం ఆ బట్టల్లో వచ్చారంటే శనివారం కర్మకి పిలుపే. పిలుపు విన్నాక వెళ్లాలి. వెళ్తే చందా ఇవ్వాలి. ఇచ్చింది తక్కువైతే మైకులో చందాలు చదివేవాడు ఆ అంకె రెండుసార్లు చదువుతాడు.

అయినా దారి ఉంది. అక్కడి ఆచారం ప్రకారం ఇంటికొచ్చినవాళ్లకి ముందు నీళ్లివ్వాలి. తాగాక 'ఏం పనిమీద వచ్చారు' అని ఇంటివాడు అడగాలి. అడిగేదాకా వచ్చినవాళ్లు ఆ ఊసెత్తరు. పెంపకం ఉన్న ఆ ప్రాంతపు అశాంటి తెగ మనిషి ప్రాణం పోయినా ఎత్తదు.

అడక్కపోతే సరి!

"రండి ఆంటీ, రండి! నీళ్లు తాగండి."

తాగింది. గ్లాసు కింద పెట్టి ఆయన మొహంలోకి చూసింది.

"ఎండ భలేగా ఉంది కదూ?" అన్నాడు.

"ఉంది నాయనా."

"ఇంకో గ్లాసు?"

రెండోదీ తాగింది. మళ్లీ చూసింది. ఆయన కొబ్బరిచెట్టు వంక చూశాడు.

"మా ఊళ్లో నీళ్లిచ్చాక ఇంకేదో అడిగేవాళ్లు," అందావిడ మెల్లిగా.

"మేమూ అడుగుతాం ఆంటీ. మూడోది కావాలా అని."

సెర్వా ఆయన్ని వంటింట్లోకి గుంజింది. "అడగవేం? పాపం పెద్దావిడ!"

"అడిగితే చెబుతుంది. చెబితే విన్నట్టు. విన్నట్టయితే రేపు మైకులో నా పేరు. ఇవాళ్టికి నాకు చెవుల్లేవనుకో."

"నీకు లేనివి చెవులు కావులే."

ఈలోగా ఆవిడ ఇంటి పక్కనే ఉన్న కాలేజీ దుంపల కొట్టంలోకి నడిచింది. ఒక దుంప తీసి తట్టింది. వాసన చూసింది. కింది వరసలోకి మోచేతిదాకా చెయ్యి పెట్టింది.

"ఇక్కడ గాలాడట్లేదు నాయనా. కుళ్లు ఇక్కణ్ణుంచే పైకి పాకుతోంది."

"అబ్బో! ఈ మాట చెప్పేవాళ్లు లేకే పన్నెండేళ్లు పోగొట్టుకున్నా. సోమవారం నుంచి నా కుర్చీలో మీరే కూర్చోండి ఆంటీ."

"నీ కుర్చీ నాకెందుకు? పని మాత్రం శ్రద్ధగా చేస్తున్నావు."

"ఆ మాటకి ఇంకో గ్లాసు!"

మూడున్నరకి, నాలుగు గ్లాసులూ అయ్యాక, ఆవిడ లేచి సంచి భుజాన వేసుకుంది.

"వెళ్లొస్తా నాయనా. రేపటికి మీకు నీళ్లు మిగిలాయా?"

"మీ దయవల్ల ఉన్నాయి ఆంటీ!"

గేటు పడగానే బ్రెంపాంగ్ వరండాలో గెంతాడు. "చూశావా సెర్వా? ఒక్క ముక్క చెప్పకుండా వచ్చిందారినే పోయింది!"

నాలుగింటికి ఇసాకూ ఫోను.

"డాక్, తెల్లవాళ్లు ఇద్దరే దిగారు. ఇద్దరూ చర్చివాళ్లట. ఒకాయన నన్ను కూడా రక్షిస్తానంటున్నాడు."

"రక్షించాల్సింది నన్నురా! అక్కడే ఉండు!"

నాలుగున్నర. కోడికూర చల్లారింది. బ్రెంపాంగ్ చొక్కా తడిసింది. ప్రిన్సిపాల్ గారి డ్రైవరు అప్పుడే టేపు పట్టుకుని కొట్టం వెడల్పు కొలుస్తున్నాడు.

ఈమెయిలు అడుగున ఫోను నంబరుంది. విదేశీ కాలుకి బోలెడు అవుతుందని ఆరు నెలల్లో ఒక్కసారీ చెయ్యలేదు. ఇప్పుడు నొక్కాడు.

ఎత్తారు. వెనకాల వ్యాను హారన్లు, ఎవరో వేరుశనక్కాయలు అమ్ముతున్న కేకలు.

గొంతు సవరించుకుని, ఉన్న ఇంగ్లీషంతా కూడగట్టుకుని అడిగాడు. "ప్రొఫెసర్ లిండ్‌క్విస్ట్ గారూ, తమరు ఎక్కడిదాకా వచ్చారండీ?"

అవతల చిన్న నవ్వు. తర్వాత అచ్చమైన అశాంటి యాసలో జవాబు:

"కుమాసీ చేరిపోయాను నాయనా. రేపు ఇక్కడ మావాళ్ల కర్మ, అందుకని మొన్నే దిగాను. లిండ్‌క్విస్ట్ మా ఆయన ఇంటిపేరు. నా సంతకం అయిపోయింది, కాగితం ఒళ్లోనే ఉంది... ఇప్పుడు అడుగు, నేనెందుకొచ్చానో."