వట్టి కాళ్ల ఫొటో

ఎడిటరు గారూ, నాకు అక్షరం ముక్క రాదు, చెప్పి రాయిస్తున్నాను.

పరుగుపందెంలో గెలిచిన నా మనవరాలిని ఫొటో తీయడానికి మీ మనిషి వచ్చాడు. "షూ విప్పెయ్యమ్మా, కష్టం కనబడాలి" అన్నాడు.

"షూతోనే కదయ్యా గెలిచింది?" అన్నాను.

"మీరు ఊరుకోండి మామ్మగారూ, చూసినవాళ్లకి కళ్లు చెమర్చాలి" అంటూ దాన్ని వట్టి కాళ్లతో కంకర మీద పరిగెత్తించాడు.

పేపరు చూసి అందరికీ కళ్లు చెమర్చాయి. "పాపం, చెప్పులైనా కొనలేదా?" అని దారిన పోయేవాళ్లంతా నన్ను నిలబెట్టి అడుగుతున్నారు.

దాని పాదం పెరిగినప్పుడల్లా కొత్త షూ కొనడానికే ఈ వయసులోనూ ఆసుపత్రి మెట్లు కడుగుతున్నాను. మోకాళ్లు అరిగిపోయాయి.

మీ జాలి మీరే ఉంచుకోండి. రేపటి పేపర్లో ఒక్క ముక్క వేయండి: మీ మనిషి వచ్చిన రోజు తప్ప, నా మనవరాలు ఏనాడూ వట్టి కాళ్లతో పరిగెత్తలేదని.