వేరు పట్టిందా లేదా

నాన్న చొక్కా చేతులు మోచేతి పైకి మడిచాడంటే ఏదో ఒక మొక్కకి మూడిందన్నమాటే.

నాన్న పెంచే డిస్కస్ చేపలకి వెచ్చటి నీళ్ళు కావాలి. ఆ వేడిని తట్టుకునే మొక్కల్నే ఏరి ఇచ్చాడు అక్వేరియం షాపతను. "నాటాక మళ్ళీ చెయ్యి పెట్టకండి సార్" అని దండం పెట్టి మరీ చెప్పాడు. ఎవరికి చెప్పాడు? సర్వజ్ఞుడికి!

ఆదివారం నేను వేరే ఊళ్ళో కొత్త ఉద్యోగానికి బయల్దేరుతుంటే, నాన్న చేపల తొట్టెలో చెయ్యి ముంచి మొక్కని పైకి లాగాడు.

"మొన్నేగా నాటావు, అప్పుడే పీకడం ఎందుకు?"

"పీకడం కాదే, వేరు పట్టిందో లేదో చూస్తున్నాను."

అప్పుడప్పుడే పుట్టిన తెల్లటి వేళ్ళు పుటుక్కున తెగాయి. మిగిలిన మొక్కని తీసుకెళ్ళి ఇంకో మూల గుచ్చాడు. చేపలు బెదిరిపోయి ఓ పక్కకి చేరాయి.

"ఈ వేడికి ఏదీ బతకదే" అని తేల్చేశాడు మహానుభావుడు. తప్పు వేడిదట!

లోలోపల నవ్వుకుంటూ బస్సెక్కాను.

వారం తిరక్కుండానే నా హాస్టల్ గది తలుపు ఎవరో తట్టారు. తీస్తే నాన్న. నన్ను ఎగాదిగా చూశాడు.

"కుదురుకున్నావో లేదో చూద్దామని వచ్చాను. మొహం చూడు, ఎలా వాడిపోయిందో! ఈ ఊరి వేడి నీకు పడదే. ఆఫీసువాళ్ళతో నేను మాట్లాడతాలే, బట్టలు సర్దు."

కిందటి ఉద్యోగం మాన్పించినప్పుడూ ఇవే మాటలు. అంతకు ముందుదానికీ ఇవే.

చొక్కా చేతులు మోచేతి పైకి మడుచుకునే వచ్చాడు.