నమూనాలో లేని కొట్టుగది

టీ వడగట్టే జాలీ కోసం పొద్దున్నే మా ఆయనకూ నాకూ మాటామాటా పెరిగింది.

"కొట్టుగదిలో మేకుకి తగిలించానండీ."

"అసలు కొట్టుగదే లేదంటోంది ఇల్లు!"

నిజమే. మా ఆర్కిటెక్టు ఒక సాఫ్ట్‌వేర్‌లో గీసిన ఇంటి నమూనాను మునిసిపాలిటీ తన సాఫ్ట్‌వేర్‌లోకి మార్చుకుంది. ఆ మార్పులో కొట్టుగది జారిపోయింది. ఇప్పుడు ఇళ్లన్నీ తమ తమ నమూనాలు చూసుకునే నడుస్తాయి. ఏ వస్తువు ఎక్కడుందో చెప్పేదీ, మనుషులు ఏ గదిలో ఉన్నారో వెతికి పిలిచేదీ ఇల్లే.

మధ్యాహ్నం జాలీ తగిలించడానికి కొట్టుగదిలోకి వెళ్లి, బియ్యం డబ్బా మీద కూర్చుని, పెళ్లైనప్పటి నుంచీ సగంలో ఉన్న నవల తెరిచాను. బయట అత్తగారు ఇంటిని అడుగుతున్నారు.

"మా కోడలేదీ?"

"ఇంట్లో లేరండీ," అంది ఇల్లు మర్యాదగా.

నలభై పేజీలు చదివాను.

రాత్రి భోజనాల దగ్గర మా ఆయన చెప్పారు. "సోమవారం మునిసిపాలిటీ వాళ్లు కొట్టుగదిని నమూనాలో ఎక్కిస్తారట. ఇల్లు నీ పేరున ఉంది కదా, ఒక్క సంతకం పెట్టు చాలు."

ఆయన కంచంలో మజ్జిగ పోశాను. "పెట్టనండీ. రేపటి నుంచి రోజూ రెండింటి నుంచి నాలుగింటి దాకా నేను ఇంట్లో ఉండను."

ఆయన ముద్ద కలపడం ఆపేశారు. అత్తగారు మాత్రం, "కొట్టుగదిలో ఆ బియ్యం డబ్బా పక్కన ఓ పీట పడుతుందంటావా?" అన్నారు.

"పడుతుంది అత్తయ్యా. కానీ మాట్లాడకూడదు మరి."